కరిచే నీళ్లు

దేవదాస్ కొట్టిన చెంపదెబ్బకు లత చేతిలోని కత్తెర ఎగిరి చీరల మూట మీద పడింది.

"స్విచ్ ఎవరు బంద్ జేసిన్రు?" అని అడిగాడు గానీ, జవాబు కోసం ఆగలేదు. అతనికి అదే అలవాటు. ఇరవై ఏళ్లు సూరత్‌లోని పాండేసర మిల్లుల్లో మగ్గాల చప్పుడు మధ్య వైర్‌మన్‌గా పనిచేసి చెవులు సగం పోయాయి. ఎదుటివాళ్ల మాట చెవిన పడేలోపు చెయ్యి లేచేది.

గోడవారన ఇనుప స్టాండు మీద నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. ఆ ఒక్క గదిలో మంచానికీ స్టవ్వుకీ పోగా మిగిలిన గోడంతా దానిదే. తొట్టిలో ఉప్పునీళ్లు, కొన్ని రాళ్లు, తెల్ల పట్టీల నారింజ రంగు చేపలు. నిన్నటికి నాలుగు. ఇప్పుడు మూడు ఈదుతున్నాయి. ఒకటి పక్కకు ఒరిగి పైకి తేలింది. నీళ్లు వేడిచేసే హీటరూ, నీళ్లు తిప్పే మోటారూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. ఆ బోర్డు స్విచ్ తెల్లారేసరికి ఆపేసి ఉంది.

"నేనే బంద్ జేసిన," అంది ఐలమ్మ మంచం మీంచి. ఆమె దేవదాస్ తల్లి. "నీళ్లు కరుస్తున్నయ్‌రా. నెల సంది చెప్తున్న. నువ్వు ఇంటలేవు."

దేవదాస్ తల్లిని ఎన్నడూ కొట్టలేదు. తల్లి చేసిన తప్పుకు కూడా లతకే పడేది. "నువ్వు ఇంట్ల ఉండి ఏం జేస్తున్నవే? ముసలిదాని మీద కన్నుండద్దా?" అని ఇంకొకటి వేశాడు. లత మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దాన్నెందుకు కొడ్తవ్? నన్ను కొట్టు," అంది ఐలమ్మ.

"కరిచేది నీళ్లు కాదే అమ్మా, చీరలు! చీరల కరెంటే అది. సూరత్ మొత్తానికి తెల్సు, నీకే తెల్వదు."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. లత ఇంట్లోనే చీరలకు ధాగా కత్తిరించే పని చేస్తుంది. మార్కెట్ నుంచి పోట్లాలు, అంటే పెద్ద మూటలు వస్తాయి. ఒక్కో చీర తిరగేసి వెనక వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి, మళ్లీ మూట కట్టాలి. అన్నీ నైలాను, పాలిస్టరు. జనవరి పొడిగాలికి చీర మీద చీర లాగితే చిటపటమంటుంది. ముంజేతి వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఆ చేత్తోనే స్టీలు చెంబు ముడితే వేలి కొసన చురుక్కుమని నిప్పురవ్వ. వడోద్ గల్లీల్లో ఈ పనిచేసే ఆడవాళ్లందరికీ అది అలవాటే. చీర కరెంట్ అంటారు. మిల్లులోనూ దారం చుట్టిన బీము నుంచి మగవాళ్లకు అదే కొడుతుంది. కాబట్టి ఐలమ్మ నీళ్లు కరుస్తున్నాయి అన్న మొదటి రోజు లత నవ్వింది. పక్క గది స్వరాజ్యం ఇంకా గట్టిగా నవ్వింది.

"చీర కరెంట్ చిటుక్కుమంటది, ఇడుస్తది," అంది ఐలమ్మ. "ఇది ఇడువదురా. నరం పట్టి గుంజుతది. గా ఎర్ర బుగ్గ వెలిగినప్పుడే గిట్లయితది."

ఎర్ర బుగ్గ అంటే హీటర్ నెత్తిన ఉన్న చిన్న బల్బు. నీళ్లు చల్లబడ్డప్పుడు వెలుగుతుంది, వెచ్చబడ్డాక ఆరిపోతుంది. చలికాలం వచ్చిందని డిసెంబరులో దేవదాసే కొని తెచ్చాడు ఆ హీటర్. చీరలు చిటపటమనడం మొదలైందీ ఆ నెలలోనే.

దేవదాస్ స్విచ్ వేశాడు. మోటారు గుర్రుమంది, ఎర్ర బుగ్గ వెలిగింది. అతను మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ముంచి, తల్లి ముఖంలోకి చూశాడు.

"ఏదీ? కరిచిందా? సచ్చిన్నా?"

ఐలమ్మ కొడుకు కాళ్ల వైపు, గోడ మీది మార్కండేయుడి పటం వైపు ఒకసారి చూసి, "దేవుని ముంగట చెప్పులేందిరా," అని మాత్రం అంది. తొట్టికి పైన అదే గోడకు పటం ఉండేది. ఆడవాళ్లిద్దరూ అక్కడికి ఒట్టి కాళ్లతోనే వెళ్లేవారు. దేవదాస్‌కు మాత్రం నిద్ర లేచింది మొదలు రబ్బరు చెప్పులు కాళ్లకు ఉండాల్సిందే. అది వైర్‌మన్ పనిలో పట్టుబడ్డ అలవాటు.

చచ్చిన చేపను కాగితంలో చుట్టి, స్విచ్ మీద నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి, "దీన్ని ఎవరన్నా ముడితే ఈసారి ఊకోను," అని లత వైపు వేలు చూపించి షిఫ్టుకు వెళ్లిపోయాడు.

*

ఆ బోర్డులో ఒక ట్రిప్ స్విచ్ ఉంది. కరెంట్ ఎక్కడైనా బయటికి కారితే దానంతట అదే పడిపోయేది. గది కిరాయికి తీసుకున్నప్పటి నుంచీ ఉంది. కానీ ఉప్పునీళ్ల తొట్టి పెట్టాక అది మాటిమాటికీ పడేది. ప్లగ్గు మీదికి ఉప్పు పాకితే పడేది, వానాకాలం తేమకు పడేది. కిందటేడు ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి పడింది. దేవదాస్ మిల్లులో ఉన్నాడు, ఆడవాళ్లిద్దరూ ఎవరిదో పెళ్లికి పోయారు. సాయంత్రం వచ్చేసరికి పదకొండు చేపలు పోయాయి. ఆ రాత్రి దేవదాస్ ఏడ్చాడు. పెళ్లయ్యాక లత అతని కన్నీళ్లు చూసింది అప్పుడే. మిల్లు మానేసి, వేసూలో సేఠ్‌ల ఇళ్లకు చేపల తొట్లు కట్టి బతకాలని అతని ఆశ. నలభై రెండేళ్లొచ్చాయి, చెవులు పూర్తిగా పోకముందే ఆ మిల్లులోంచి బయటపడాలి.

మర్నాడు అతను బోర్డు విప్పి, ట్రిప్‌ను పక్కకు తప్పించి రెండు వైర్లు కలిపేశాడు. మిల్లులో దాన్ని డైరెక్ట్ చేయడం అంటారు. అక్కడ మగ్గం ఆగడమే పెద్ద తప్పు. ఊరికే పడే ట్రిప్‌ను డైరెక్ట్ చేసినవాడే మంచి వైర్‌మన్. అతను వైర్లు కలుపుతుంటే టార్చి పట్టుకున్నది లతే. మొగుడికి ఎంత పని తెలుసోనని ఆ రోజు ఆమె మురిసిపోయింది కూడా.

*

మధ్యాహ్నం పన్నెండయింది. లత మూటల మధ్య కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. చెంప ఇంకా మండుతోంది.

ఐలమ్మ లేచి మగ్గుతో మంచినీళ్లు తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లింది. ఆవిరైనంత మేర రోజూ మంచినీళ్లు పొయ్యడం ఆమె పని, కొడుకు అప్పజెప్పిన పని. మగ్గు వంచిందో లేదో, "అవ్వో!" అని వెనక్కి దూకింది. మగ్గు జారి తొట్టిలో పడింది. నీళ్లు స్టాండు మీదుగా నేల మీదికి కారాయి.

"మళ్లా మొదలువెట్టినవా?" అంది లత తలెత్తకుండానే.

ఐలమ్మ స్విచ్ దగ్గరికి పోయింది. చర్రుమని టేపు ఊడుతున్న చప్పుడు. లత కత్తెర పారేసి లేచింది.

"అత్తా! ముట్టకు దాన్ని!"

"నేను సస్తనే ఇంట్ల!"

"నువ్వు సావవు, నన్ను సంపిస్తవు! పొద్దుగాల తిన్నయి సాలలేదా నాకు? నీ కొడుకు చెయ్యి నీ మీద వడదు గదా, నీకేం తెలుస్తది!"

లత ఆమె భుజం పట్టి లాగింది. ఐలమ్మకు అరవై ఎనిమిదేళ్లు. కానీ నలభై ఏళ్లు గుంట మగ్గం తొక్కి, నాడె విసిరిన చేతులవి. కోడలి జుట్టు పిడికిట పట్టి వంచింది. ఇద్దరూ మూటల మీద పడ్డారు. కట్టు తెగి చీరలు జారాయి, చిటచిటమంటూ ఇద్దరికీ చుట్టుకున్నాయి. లత గోళ్లతో రక్కింది. ఐలమ్మ ఆమె ముంజేతిని నోటికి అందుకుని, పళ్లు దిగేలా కొరికింది.

"గిట్ల! గిట్ల కరుస్తది! ఇప్పుడు తెల్సిందా!"

లతకు కళ్లు బైర్లు కమ్మాయి. పొద్దున తిన్న రెండు దెబ్బలూ, అంతకుముందు తిన్నవీ, అన్నీ ఒక్కసారి ఆ చేతుల్లోకి వచ్చినట్టయింది. రెండు చేతులతో అత్తను తోసింది. ఐలమ్మ తల ఇనుప స్టాండు మూలకు తగిలింది. చప్పుడు చిన్నదే. నుదురు చిట్లి రక్తం కనుబొమ్మ మీదికి, అక్కణ్నుంచి ముక్కు మీదికి కారింది.

ఇద్దరూ ఆగిపోయారు.

"ఏందే లతా, ముసలిదాన్ని సంపుతున్నవా? మా గోడ అదురుతుంది." స్వరాజ్యం గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి గోధుమపిండి.

"నీ పని నువ్వు జూస్కో అక్కా."

"జూస్కుందునే. రక్తం కండ్లవడ్డంక ఎట్ల వోతా?" స్వరాజ్యం లోపలికొచ్చి ఐలమ్మను మంచం మీద కూర్చోబెట్టింది. "అబ్బ, శానా చీరుకుపోయింది చిన్నమ్మా. నువ్వు గూడ తక్కువదానివి గాదు, పిల్ల చెయ్యి జూడు ఎట్ల జేసినవో. ఉండు, పసుపు తెస్త."

ఆమె పసుపు కోసం వెళ్లింది. లత అత్త ముఖం వైపు చూడలేదు. ముందుగా చేసిన పని, ఊడిన టేపును మళ్లీ స్విచ్ చుట్టూ బిగించడం. పాతది అంటుకోవడం లేదని కొత్తది తీసి ఇంకో రెండు చుట్లు వేసింది. తర్వాత గుడ్డ తెచ్చి నేల మీది నీళ్లు, రక్తం తుడిచింది. గుడ్డ నానిపోయింది గానీ బండలు తడి ఆరలేదు. తొట్టిలో మగ్గు ఒకటి మిగిలింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, తడి బండ మీద ఒట్టి కాళ్లతో నిలబడి, మగ్గు కోసం నీళ్లలో చెయ్యి పెట్టింది.

చల్లని మంచినీళ్లు పడ్డాయి కదా, ఎర్ర బుగ్గ వెలుగుతోంది.

చిటుక్కుమనలేదు. చెయ్యి ఆమెది కాకుండా పోయింది. వేళ్లు మగ్గు చుట్టూ ముడుచుకుని బిగుసుకున్నాయి. భుజం దాకా ఎవరో లోపలి నుంచి సుత్తితో కొడుతున్నట్టు అదురు. అరవాలనుకుంది, దవడ తెరుచుకోలేదు. మూడు చేపలు ఆమె ముంజేతి పక్కనే తిరుగుతున్నాయి. వాటికేమీ కాలేదు. అది కూడా ఆమె చూసింది.

ఐలమ్మ కోడలి వీపు చూసింది. ఆ వీపు నిలబడ్డ తీరు చూసింది. లేచి స్విచ్ మీదికి పోయింది. టేపు. ఆరు చుట్ల టేపు. గోళ్లు జారాయి. ప్లగ్గు స్టాండు వెనక, అందదు. మంచం కింద బట్టలుతికే కట్టె ఉంది. ఎండిన టేకు కట్టె. దాన్ని లాగి, రెండు చేతులా ఎత్తి, నీళ్లకు పైన కనబడుతున్న లత మణికట్టు మీద కొట్టింది. ఊడి రాలేదు. మళ్లీ కొట్టింది. ఎముక పలికింది. మూడోసారి కింది నుంచి పైకి, చేతిని తొట్టిలోంచి చిమ్మేస్తున్నట్టు కొట్టింది.

లత చీరల మీద వెల్లకిలా పడింది.

"స్వరాజ్యం! కరెంటే! మెయిన్ దించు!"

బయట వసారాలో నాలుగు గదులకు కలిపి ఒకటే మెయిన్ ఉంది. టక్కుమని దాని పిడి దిగిన చప్పుడు వినబడింది. మోటారు ఆగింది. ఫ్యాను ఆగింది. పక్క గదిలో టీవీ ఆగింది.

కాసేపటికి లతకు ఊపిరి అందింది. "అత్తా," అంది. పెదవులు తెల్లబడ్డాయి. "నిజంగనే కరిచింది."

"నాకు చెప్తున్నవా?" అంది ఐలమ్మ. కట్టె ఇంకా చేతిలోనే ఉంది. ముఖమంతా రక్తం, కట్టు కట్టలేదు. ఆమె కూర్చుని కోడలి కాళ్లను ఒడిలోకి తీసుకుని అరికాళ్లు రుద్దడం మొదలుపెట్టింది.

స్వరాజ్యం ఫోన్ తీసింది.

"ఏమని చెప్తవక్కా?" అంది లత.

"పెండ్లానికి షాక్ కొట్టిందంటే షిఫ్ట్ అయినంక వస్తడు. చేపలు సస్తున్నయంటే ఇప్పుడే వస్తడు." నంబరు నొక్కింది. "హలో తమ్మీ! గట్టిగ మాట్లాడుతున్న, ఇనవడ్తుందా? నీ చేపలు సస్తున్నయ్!"

*

ఇరవై నిమిషాల్లో దేవదాస్ వచ్చాడు. గుమ్మంలో అతని కళ్లు ముందు తొట్టి మీదికే పోయాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అతను గిన్నె తీసుకుని, తొట్టి నీళ్లే ముంచి ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలో పోయడం మొదలుపెట్టాడు. అలా చేస్తే నీళ్లలోకి కాస్త గాలి దిగుతుంది. పోస్తూనే అడిగాడు.

"మెయిన్ ఎవరు దించిన్రు?"

"నేను," అంది వసారాలోంచి స్వరాజ్యం. ఆమె వెనక మిగతా రెండు గదుల ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

"ఎత్తు!"

"ఎత్తద్దు," అంది లత. వాచిన చేతిని ఒడిలో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. "నాకు కరెంట్ వట్టింది. అత్త కొట్టి ఇడిపిచ్చింది."

"నువ్వు గూడ మొదలువెట్టినవా? చీర కరెంట్‌కు ఇద్దరు గలిసి..." గిన్నె వదిలి చెయ్యి ఎత్తాడు.

ఆ చెయ్యి దిగలేదు. భుజం మీద కట్టె పడింది. దేవదాస్ తిరిగి చూసేసరికి తల్లి. నుదుటి రక్తం స్వరాజ్యం పసుపు అద్ది కట్టిన కట్టు దాటి ఇంకా కారుతోంది. ఆమె మళ్లీ ఎత్తింది. అతను కట్టె పట్టుకుని తోశాడు. ఐలమ్మ మంచం కోడు మీద పడి, నడుము పట్టుకుని మూలిగింది. దేవదాస్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"చెప్పులిడిచి నీళ్లల్ల చెయ్యి వెట్టు," అంది లత. "తడి బండ మీద నిలవడు. అక్క మెయిన్ ఎత్తుతది. ఏం గాకుంటే నన్ను సంపు, ఎవరు అడగరు."

"వెడ్త. నాకేం భయమా?" ఒక చెప్పు విడిచాడు. రెండోది విడవబోతూ, హీటర్‌ను నీళ్లలోంచి పైకి తీసి చూశాడు. గాజు గొట్టం కింది కొసన వెంట్రుకంత బీట. దాని లోపలి వైపు తెల్లగా ఉప్పు గీత. అతను దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు, వేలితో తడిమాడు. తర్వాత విడిచిన చెప్పులో మళ్లీ కాలు పెట్టాడు.

అందరూ చూశారు.

"హీటర్ గాజు వలిగింది," అన్నాడు చివరికి. "పారేస్త. కొత్తది తెస్త. అయిపాయె గదా. మెయిన్ ఎత్తున్రి."

"ట్రిప్?" అంది లత.

"ట్రిప్ ముట్ట. నీకు తెల్వదా కిందటేడు ఏమైందో? పదకొండు సచ్చినయ్."

"నేను పోతుంటి గదా ఇయ్యాల."

"పోలేదు గదా!"

స్వరాజ్యం వసారాలో మెయిన్‌కు వీపు ఆనించి నిలబడింది. "ట్రిప్ వెట్టు తమ్మీ, కరెంట్ ఇస్త. మా ఇండ్లల్ల గూడ ఫ్యాన్ లేదు, టీవీ లేదు. మాకేం తొందర లేదు. తొందర నీ చేపలకే."

దేవదాస్ బయటికి ఉరికి ఆమె రెక్క పట్టి లాగాడు. ఆమె వదల్లేదు. మిగతా ఇద్దరు ఆడవాళ్లు అతని చొక్కా పట్టుకున్నారు. ఒకామె చెంప పగిలేలా కొట్టింది, అతను ఆమెను గోడకు నెట్టాడు. ఇంతలో వెనక నుంచి లత వచ్చింది. కుడి చెయ్యి రొమ్ముకు అదుముకుని, ఎడం చేత్తో కట్టె ఎత్తి అతని మోకాలి మీద బలం కొద్దీ వేసింది. అతను కూలబడ్డాడు. లేవబోతే కట్టెతో అతని రెండో మోకాలు చూపించి నిలబడింది. కొట్టలేదు. కొట్టదని మాత్రం అతనికి అనిపించలేదు.

అతను కూర్చున్నచోటి నుంచే తలుపులోంచి తొట్టి కనబడుతోంది. మూడింట్లో ఒకటి పక్కకు వాలి, మళ్లీ సరిచేసుకుని, మళ్లీ వాలింది.

"లతా, సస్తున్నయే," అన్నాడు. "పిల్లలసొంటియి."

"ట్రిప్ వెట్టు."

దేవదాస్ కుంటుకుంటూ లోపలికి వెళ్లి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. బోర్డు విప్పాడు. తాను కలిపిన రెండు వైర్ల ముడి విప్పి, ట్రిప్‌లో బిగించాడు. ఐలమ్మ మంచం మీంచే చూస్తోంది. లత పక్కనే నిలబడి ప్రతి స్క్రూ చూసింది. ఈసారి టార్చి పట్టలేదు.

మెయిన్ ఎక్కింది. మోటారు తిరిగింది. చేపలు నెమ్మదిగా కిందికి దిగాయి.

"ఇది పడ్తదని ఏం నమ్మకం?" అంది ఐలమ్మ.

అతను విసుగ్గా ముఖం పెట్టి, అయినా చేశాడు. చేపల్ని బకెట్టు ఉప్పునీళ్లలోకి మార్చి, మనిషి కాళ్లకు బదులు కరెంట్ భూమిలోకి దిగేందుకు బోర్డులోని ఎర్త్ నుంచి వైరు లాగి కొసను తొట్టిలో వేశాడు. బీటపడిన హీటర్‌ను నీళ్లలో దించి, చేతులు దూరంగా పెట్టుకుని స్విచ్ వేశాడు. వేసీ వేయగానే ట్రిప్ టక్కుమని పడింది.

"మళ్లా," అంది ఐలమ్మ.

ఎక్కించి, మళ్లీ వేశాడు. పడింది.

"ఇంకొక్కపారి."

పడింది. వసారాలో ఆడవాళ్లు మూడోసారికి లెక్క కూడా పెట్టారు. స్వరాజ్యం చెయ్యి తుడుచుకుంటూ, "నా గోధుమపిండి ఎండిపాయె," అని తన గదిలోకి పోయింది. దేవదాస్ హీటర్ పీకి బయట చెత్తలో పారేసి వచ్చాడు.

"ఇగ ఆటో పిలువు," అంది లత. "నా చెయ్యి ఇరిగింది."

అతను అప్పుడు చూశాడు. మణికట్టు రెండింతలై నల్లబడింది. "ఎట్ల ఇరిగింది?"

"నేనే ఇరగ్గొట్టిన," అంది ఐలమ్మ లేచి కొంగు సర్దుకుంటూ. "నా తల అది వలగ్గొట్టింది. డాక్టర్ అడిగితే గదే చెప్తం. చెంప మీదిది ఎవరు కొట్టిన్రంటే గది గూడ చెప్తం. నడువు బిడ్డా."

ఆటో వచ్చింది. అత్తాకోడళ్లు వెనక ఎక్కారు. దేవదాస్ డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చోబోయాడు.

"నువ్వెక్కడికి?" అంది ఐలమ్మ. "ఇంట్లనే ఉండు. ట్రిప్ వడితే ఎవరు ఎక్కియ్యాలె?"

అతను దిగాడు. గతుకుల రోడ్డు మీద ఆటో కదిలింది. కుదుపుకు లత మూలిగితే, ఐలమ్మ ఆమె విరిగిన చేతిని తన రెండు అరచేతుల్లో ఎత్తి పట్టుకుంది. దవాఖానా దాకా దించలేదు.